కీళ్ల నొప్పులకు తాగునీటి ఫ్లోరైడ్ కారణమో కాదో తెలుసుకోవడం ఎలా?

మెడ తిప్పలేక, నడుము వంచలేక బాధపడేవారు ఒకే ఊళ్లో పలువురు కనిపిస్తే, వయసు ప్రభావమని సరిపెట్టుకోకుండా ముందుగా వారు తాగే బోరు నీటిని పరీక్షించాలి. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బును, వైద్యులు 1937లోనే నమోదు చేశారు. ఆ తర్వాత నల్లగొండ పేరు ఈ జబ్బుతో ముడిపడిపోయింది.

బోరు నీటిని కొన్ని నిమిషాలు పారనిచ్చి, అదే నీటితో మూడుసార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో నమూనా పట్టి, ఏ బోరుదో, ఏ తేదీదో రాసి ప్రయోగశాలకు పంపండి. పక్కపక్క బోర్లలోనే ఫ్లోరైడ్ పరిమాణం మారవచ్చు కనుక ఊరికి ఒక్క నమూనా చాలదు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వసతి లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారు.

తర్వాత పళ్లను చూడండి. పంటి పింగాణీని తయారుచేసే కణాల పనికి ఫ్లోరైడ్ అడ్డుపడటం వల్ల చాక్‌పొడి లాంటి తెల్లని మచ్చలు, తీవ్రమైతే గోధుమరంగు చారలు వస్తాయి. అయితే ఈ నష్టం పళ్లు రూపుదిద్దుకునే బాల్యంలోనే, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపే జరుగుతుంది. కాబట్టి పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చిన కోడలి పళ్లపై మచ్చలు లేవని ఆమె ఎముకలూ బాగున్నాయనుకోవద్దు. ఎవరు ఏ నీరు ఎన్నేళ్లు తాగారో తప్పక అడగాలి.

ఎముకలో ఫ్లోరైడ్ చేసే పని వేరు. అది ఎముక ఖనిజంలో ఉండే హైడ్రాక్సిల్ అనే భాగం స్థానాన్ని ఆక్రమిస్తుంది, ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలను ప్రేరేపిస్తుంది. దాంతో ఎముక దట్టమైనా దాని నాణ్యత తగ్గుతుంది, ఎముకలను కలిపి ఉంచే స్నాయువులు సైతం గట్టిపడతాయి. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడినట్టు కనిపిస్తే అది బలమైన ఆధారం. మూత్రంలోని ఫ్లోరైడ్‌ను కూడా కొలిపించి, ఫలితాలన్నీ వైద్యునికి చూపించండి.

నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన మేరకు దాని గాఢత పెరుగుతుంది. పటిక, సున్నంతో శుద్ధిచేసే నల్లగొండ పద్ధతిలో మోతాదు నీటిని బట్టి మారుతుంది కనుక పరీక్ష ఫలితం లేకుండా ఉజ్జాయింపుగా కలపవద్దు. శుద్ధమైన నీరు కొద్దిగానే దొరికితే మొదటి బిందెను ఎనిమిదేళ్లలోపు పిల్లలకు కేటాయించండి. వారి అన్నం, పప్పు కూడా ఆ నీటితోనే వండండి.