డ్యూయల్ థ్రెట్ క్వార్టర్‌బ్యాక్ కెరీర్‌ని ఫాలో అవ్వాలంటే ఏటి చూడాలి

శ్రీకాకుళం, రాజాం, పాలకొండ, ఎటెళ్లినా ఎంఎస్ కని అమెరికా వెళ్లిన పిల్లలున్న ఇల్లు ఒకటి తగులుతాది ఇప్పుడు. సెప్టెంబర్ వచ్చి కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ జోరందుకుందంటే ఆ పిల్లలు వీడియో కాల్‌లో కాలేజీ టీషర్ట్ వేసుకుని మావోడు అలా పరిగెట్టాడు ఇలా విసిరాడు అని ఊగిపోతుంటారు, ఇటు అమ్మానాన్నలకి తమ్ముళ్లకి ఏటీ అర్థం కాక ఊఁ కొడుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. రూల్స్ అన్నీ బట్టీ పట్టక్కర్లేదండీ, ఒక్క ఆటగాడిని పట్టుకుని అతని కాలేజీ కెరీర్ మొదటి ఏడాది నుంచి చివరిదాకా చూసుకుంటూ వెళ్తే ఆట దానంతటదే వంటబడుతాది. ఆ ఒక్కడూ డ్యూయల్ థ్రెట్ క్వార్టర్‌బ్యాక్ అయితే మరీ మంచిది.

ముందు కావాల్సినంత వరకే చెప్తాను. జట్టుకి 11 మంది, నాలుగు ఛాన్సుల్లో బంతిని 10 యార్డులు ముందుకి తీసుకెళ్లాలి, తీసుకెళ్తే మళ్లీ నాలుగు ఛాన్సులు, చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్ 6 పాయింట్లు. దాదాపు ప్రతిసారీ బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తాది, అతను విసరాలా పక్కోడికి ఇవ్వాలా అన్నది క్షణాల్లో తేల్చుకోవాలి. మామూలు క్వార్టర్‌బ్యాక్ దారి లేనప్పుడే పరిగెడతాడు. డ్యూయల్ థ్రెట్ అంటే అతని పరుగు కూడా కోచ్ ముందే గీసిపెట్టిన ప్లాన్‌లో ఉంటాది, అంచేత ఎదటి జట్టు ఒకేసారి రెండిటికీ కాపలా కాయాలి.

నా లెక్క ఒక్కటే. పరుగు వల్ల ఆ కుర్రాడికి 18, 19 ఏళ్లకే జట్టులో చోటు దొరుకుతాది, కానీ ఆ తర్వాత ఏడాదికేడాది అతని పాస్, అంటే విసురు, బాగుపడుతోందా లేదా అన్నదాన్ని బట్టే కెరీర్ ఎటెళ్తాదో తెలుస్తాది. యూట్యూబ్‌లో 70 యార్డుల పరుగు క్లిప్పులు చూసి పడిపోతే ఇది కనపడదు.

మ్యాచ్ చూసేటప్పుడు బంతి మీంచి కళ్లు తిప్పేసి లైన్ చివర్న నిలబడ్డ డిఫెన్స్ ఆటగాడిని చూడండి. జోన్ రీడ్ అని ఒక ప్లే ఉంది, ఇలాంటి కుర్రాళ్లకి ఇదే కూడూ నీళ్లూ. అందులో ఆ చివరోడిని కావాలనే ఎవరూ అడ్డుకోకుండా వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని పక్కన పరిగెత్తేవాడి పొట్ట దగ్గర పెట్టి, చెయ్యి తియ్యకుండా, ఆ చివరోడినే చూస్తుంటాడు, వాడు లోపలికి దూకితే బంతి లాగేసుకుని బయట వైపు పరిగెడతాడు, వాడు కదలకుండా ఉంటే బంతి ఇచ్చేస్తాడు. సంక్రాంతికి ఊళ్లో కబడ్డీ చూసినోళ్లకి ఇది కొత్తేం కాదు, రైడర్ కూడా కార్నర్‌లో ఉన్నోడి బరువు ఏ కాలి మీదుందో చూసి అటో ఇటో తిరుగుతాడు కదా, అదే చూపు. దీనివల్ల ఒక డిఫెండర్ ఎవరూ ముట్టుకోకుండానే ఆటలోంచి పోతాడు, అడ్డుకునేవాడు ఒకడు మిగిలిపోతాడు. దీనికే పాస్ కూడా కలిపితే ఆర్‌పీఓ, అంటే రన్ పాస్ ఆప్షన్. ఇక్కడొక తేడా గుర్తుపెట్టుకోండి, అలా విసిరేటప్పుడు కాలేజీలో లైన్‌మెన్, అంటే ముందు వరసలో అడ్డుకునే అతని జట్టువాళ్లు, 3 యార్డుల దాకా ముందుకి వెళ్లొచ్చు, కాలేజీ అయ్యాక ఆడే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1 యార్డే. కాలేజీలో తేలిగ్గా దొరికిన కొన్ని పాసులు పైకి వెళ్లాక దొరకకపోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు స్కోర్‌కార్డ్ సంగతి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొడితే, అంటే శాక్ చేస్తే, పోయిన యార్డులు అతని పరుగు ఖాతాలోంచి కోసేస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే జట్టు పాసింగ్ లెక్కలోంచి కోస్తారు. ఉదాహరణకి ఒక కుర్రాడు 9 సార్లు పరిగెత్తి 70 యార్డులు తెచ్చాడనుకోండి, 3 శాకుల్లో 25 యార్డులు పోయాయనుకోండి, యాప్‌లో 12 పరుగులు 45 యార్డులు అని కనిపిస్తాది. ఓస్ ఇంతేనా అనిపిస్తాది, నిజానికి పరుగుకి 8 యార్డులకి దగ్గర్లో తెచ్చాడు. అంచేత కాలేజీ క్వార్టర్‌బ్యాక్ పరుగు లెక్క చూసినప్పుడల్లా శాకులు ఎన్నో కూడా చూసి వెనక్కి కలుపుకోండి. ఇది తెలిశాక 2016లో లూయీవిల్ యూనివర్సిటీ తరఫున లామార్ జాక్సన్ చేసిన 1,571 యార్డులు ఇంకా పెద్దగా కనిపిస్తాయి, అది శాకులు కోసేశాక మిగిలిన లెక్క. ఆ ఏడాదే పాస్ మీద 3,543 యార్డులు, 19 ఏళ్లకే హైస్మన్ ట్రోఫీ, అంటే ఏటా కాలేజీ ఫుట్‌బాల్‌లో బెస్ట్ ఆటగాడికి ఇచ్చేది. అప్పటికి అంత చిన్నవయసులో ఆ ట్రోఫీ ఇంకెవరికీ రాలేదు.

తర్వాత పని ఏడాదివారీ లెక్క రాసుకోవడం. మనోడి ప్రతి సీజన్‌కీ నాలుగే నాలుగు అంకెలు ఒక కాగితం మీద పెట్టండి: విసిరినవాటిలో నూటికి ఎన్ని అందాయి, టచ్‌డౌన్ పాసులెన్ని, ఎదటోళ్లకి దొరికిపోయిన పాసులెన్ని, పరుగు యార్డులెన్ని. జేడెన్ డేనియల్స్‌ది చూడండి. 2021లో అరిజోనా స్టేట్‌లో 10 టచ్‌డౌన్ పాసులు, ఎదటోళ్లకి దొరికిపోయినవి (ఇంటర్‌సెప్షన్లు) 10, అంటే ఇచ్చిందీ పోగొట్టిందీ సమానం. ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మారాక 2022లో 17కి 3. 2023లో 40కి 4, పైగా పరుగు మీద 1,134 యార్డులు, హైస్మన్, ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2024లో, రెండో పిక్. 2021లో వదిలేసినోళ్లకి ఈ మనిషి అందలేదు! మూడో ఏడాది దాకా మెరుగు కనపడకపోయినా కాగితం చించెయ్యొద్దు.

ఏడాదుల లెక్కలో రెడ్‌షర్ట్ అనే మాట తగులుతాది. ఒక కుర్రాడికి ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడే హక్కు అన్నది అందరికీ తెలిసిన పాత పద్ధతి, ఆడకుండా పక్కన కూర్చున్న ఏడాదిని రెడ్‌షర్ట్ అంటారు, 2018 నుంచి నాలుగు మ్యాచుల దాకా ఆడినా ఆ ఏడాది పోదు. కోవిడ్ వల్ల 2020 సీజన్‌ని ఎవరికీ లెక్కలో కట్టలేదు, అందుకే ఆ బ్యాచ్ వాళ్లు కొందరు అన్నేళ్లు కనిపించారు. డ్రాఫ్ట్‌కి వెళ్లాలంటే హైస్కూల్ అయ్యి మూడేళ్లు గడవాలి.

కాలేజీ మారడాన్ని మనోళ్లు తప్పుగా చూస్తారు, ఉన్నచోట కుదురుగా ఉండలేకపోయాడా అని. అలా చూడకండి. కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరు పెట్టుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018 అక్టోబర్‌లో వచ్చింది, 2021 నుంచి మొదటిసారి మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాల్సిన పని పోయింది, అదే ఏడాది జూలై 1 నుంచి తమ పేరు మీద డబ్బులు సంపాదించుకోవడానికీ ఆటగాళ్లకి దారి తెరిచారు. అంతకుముందు కైలర్ మర్రీ టెక్సస్ ఏ అండ్ ఎం నుంచి ఓక్లహోమాకి మారి 2016 అంతా ఆడకుండా కూర్చున్నాడు, 2017లో బేకర్ మేఫీల్డ్ వెనక ఆగాడు, 2018లో ఛాన్స్ రాగానే 4,361 పాసింగ్ యార్డులు, 1,001 పరుగు యార్డులు, హైస్మన్.

ఎవరి కెరీర్‌తో మొదలెట్టమంటారు అంటే నేను జేలెన్ హర్ట్స్ పేరే చెప్తాను, ఎందుకంటే ఇప్పటిదాకా చెప్పినవన్నీ అతని ఒక్కడి కథలోనే ఉన్నాయి. 2016లో అలబామాలో అడుగుపెట్టిన మొదటి ఏడాదే మెయిన్ క్వార్టర్‌బ్యాక్, పరుగు మీద 954 యార్డులు, వాళ్ల కాన్ఫరెన్స్‌లో, అంటే కలిసి ఆడే కాలేజీల గుంపులో, బెస్ట్ అఫెన్సివ్ ప్లేయర్. పాసులు నూటికి 63 దాకా అందాయి. 2018 జనవరి 8న జార్జియాతో నేషనల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, సగం ఆటయ్యేసరికి 13-0తో వెనకబడ్డారు, కోచ్ నిక్ సేబన్ హర్ట్స్‌ని కూర్చోబెట్టి తువా టాగొవైలోవాని దింపాడు, ఓవర్‌టైమ్‌లో 26-23తో గెలిచారు. దేశమంతా చూస్తుండగా కుర్చీ పోయింది ఆ గుంటడికి. తర్వాత సీజన్‌లో తువా వెనకే ఆగాడు, అలిగి వెళ్లిపోలేదు, డిసెంబర్ 1న అదే జార్జియాతో కాన్ఫరెన్స్ ఫైనల్‌లో తువాకి దెబ్బ తగిలితే వెనకబడ్డ మ్యాచ్‌లో దిగి స్కోర్ సమం చేసి చివర్లో 15 యార్డులు తనే పరిగెత్తి 35-28తో గెలిపించాడు. ఆ నెలలోనే డిగ్రీ చేతికొచ్చింది, డిగ్రీ అయినోళ్లు ఏడాది ఆగక్కర్లేదు కాబట్టి 2019లో నేరుగా ఓక్లహోమాలో ఆడాడు: 3,851 పాసింగ్ యార్డులు, 1,298 పరుగు యార్డులు, పాసులు నూటికి 70కి దగ్గర్లో. మొదటి ఏడాది 63, చివరి ఏడాది 70, నేను రాసుకోమన్న ఆ ఒక్క అంకె ఎంత కథ చెప్తోందో చూడండి. హైస్మన్‌లో జో బరో తర్వాత రెండో స్థానం, డ్రాఫ్ట్‌లో 53వ పిక్, 2025 ఫిబ్రవరిలో ఈగిల్స్ జట్టుకి ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిపించి ఎంవీపీ, అంటే ఆ మ్యాచ్‌లో బెస్ట్ ఆటగాడు. ఆ రెండు జార్జియా మ్యాచులు, ఈ సూపర్ బౌల్, మూడిటి హైలైట్స్ వరసగా చూడండి, నాకైతే ఆ రెండో జార్జియా మ్యాచ్ ఎప్పుడు చూసినా గొంతు పట్టేస్తాది.

దెబ్బల లెక్క కూడా ఉంచుకోండి, పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్‌కి అది తప్పదు. బీవైయూలో (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) ఆడిన టేసమ్ హిల్ నాలుగు సీజన్లు గాయాలతోనే మధ్యలో ఆగిపోయాయి. అందుకే పరుగు చివర్న కుర్రాడు ఏటి చేస్తున్నాడో చూడండి, కాళ్లు ముందుకి చాపి జారిపోతున్నాడా, గీత దాటి బయటికి వెళ్తున్నాడా, లేక ఒక్క యార్డు కోసం భుజం పెట్టి గుద్దుతున్నాడా. ఏడాది తర్వాత ఏడాది గుద్దుతూనే ఉంటే నాకు భయం వేస్తాది.

టైమింగ్స్ కూడా రాసుకోండి. మ్యాచులు ఎక్కువ శనివారం. వాళ్ల తూర్పు టైమ్ మధ్యాహ్నం 12 మ్యాచ్ మనకి రాత్రి 9:30, 3:30ది అర్ధరాత్రి దాటి 1:00, 7:30ది ఆదివారం తెల్లవారి 5:00. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు, ఆపైన అన్నిటికీ గంట కలుపుకోండి. కొత్తోళ్లకి తెల్లవారి మ్యాచే హాయి, పాలు కాచుకునే వేళకి మొదటి క్వార్టర్ నడుస్తుంటాది.

చివరికి ఏప్రిల్‌లో డ్రాఫ్ట్, మీ కాగితానికి పరీక్ష అక్కడే. మిషిగన్ కాలేజీ క్వార్టర్‌బ్యాక్ డెనార్డ్ రాబిన్సన్ 2010లో పరుగు మీద 1,702 యార్డులు తెచ్చినా ఎన్‌ఎఫ్‌ఎల్‌కి రన్నింగ్ బ్యాక్‌గానే, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడిగానే, వెళ్లాడు. నేవీ అకాడమీ క్వార్టర్‌బ్యాక్ కీనన్ రెనాల్డ్స్ 88 పరుగు టచ్‌డౌన్లు చేసినోడు, 2016లో రిసీవర్‌గా, అంటే పాస్ అందుకునేవాడిగా, తీసుకున్నారు. లామార్ జాక్సన్‌ని కూడా రిసీవర్‌గా మారమన్నోళ్లున్నారు, అతను ఒప్పుకోలేదు, 2018లో మొదటి రౌండ్ ఆఖరి పిక్, 32వది, దాకా ఆగాల్సొచ్చింది. 2019లో, మళ్లీ 2023లో లీగ్ ఎంవీపీ అయ్యాడు, క్వార్టర్‌బ్యాక్‌గానే. మీ కుర్రాడి పేరు పిలిచినప్పుడు పక్కన ఏ పొజిషన్ రాశారో ముందు అది చూడండి, ఎన్నో పిక్ అన్నది తర్వాత.