సబా అడవుల్లో పరిశోధనకు వస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

బోర్నియో దీవి మీదున్న మలేషియా రాష్ట్రం సబాకు వన్యప్రాణి సంరక్షణ చదవడానికో, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఫీల్డ్‌వర్క్ చేయడానికో వచ్చేవాళ్లందరిదీ ఒకటే తొందర. ఎప్పుడెప్పుడు అడవిలో అడుగుపెడదామా, ఎప్పుడు డేటా మొదలుపెడదామా అని. ఆ ఉత్సాహం మంచిదే. కానీ ఇక్కడ పని సజావుగా సాగాలంటే ముందు రెండు కుదరాలి. ఒకటి, అనుమతుల కాగితాలు. రెండోది, మీ పక్కన నడిచే స్థానిక రీసెర్చ్ అసిస్టెంట్లతో మంచి సంబంధం. ఈ రెండింటికీ తగినంత టైమ్ ఇచ్చినవాళ్ల థీసిసే గట్టిగా నిలబడుతుంది. బురద, వాన, జలగలు ఎలాగూ అలవాటైపోతాయి.

కాగితాల సంగతి

సబా మలేషియాలో భాగమే అయినా ఇమిగ్రేషన్‌లో దానికి సొంత అధికారాలున్నాయి. 1963లో మలేషియా ఏర్పడినప్పుడు కుదిరిన ఒప్పందం నుంచి వచ్చిన హక్కు అది. కౌలాలంపూర్‌లో దిగి స్టాంపు వేయించుకున్నా, కోట కినబాలు ఎయిర్‌పోర్టులో మళ్లీ ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర నిలబడాలి. కౌలాలంపూర్ వైపు యూనివర్సిటీలో చేరి, ఫీల్డ్‌వర్క్‌కి మాత్రం ఇక్కడికి వచ్చేవాళ్లు అక్కడి స్టూడెంట్ పాస్‌తో పనైపోతుందనుకుంటే చిక్కుల్లో పడతారు. సబాలో ఏ పాస్ కావాలో మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. టూరిస్టు స్టాంపు మీద పరిశోధన మొదలుపెట్టే ఆలోచన మాత్రం వద్దు.

తర్వాతది యాక్సెస్ లైసెన్సు. జీవవైవిధ్యానికి సంబంధించిన పరిశోధనకు సబా బయోడైవర్సిటీ సెంటర్ ఇచ్చే అనుమతి ఇది. దీని వెనక 2000 నాటి రాష్ట్ర చట్టం ఉంది. విదేశీ పరిశోధకులకు ఇక్కడి సంస్థ ఏదైనా భాగస్వామిగా ఉండాలి. చాలామందికి ఆ భాగస్వామి యూనివర్సిటీ మలేషియా సబా. 1994లో మొదలైన ఈ యూనివర్సిటీలో ఉష్ణమండల జీవశాస్త్రం, సంరక్షణలకే ప్రత్యేకంగా ఒక ఇన్‌స్టిట్యూట్ ఉంది. బోర్నియో మొక్కలు, జంతువుల నమూనాలను భద్రపరిచే బోర్నియెన్సిస్ అనే సేకరణ కూడా అక్కడే ఉంది. నగరంలో ఉన్నన్నాళ్లూ వీలు చిక్కినప్పుడల్లా అందులో కూర్చోండి. అడవిలో క్షణం కనబడి మాయమయ్యే జీవాన్ని గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి బడి లేదు.

లైసెన్సు చేతికొచ్చినా పని అయిపోదు. ఏ అడవిలో పనిచేస్తారో ఆ అడవిని చూసుకునేవాళ్ల అనుమతి విడిగా తీసుకోవాలి. డానమ్ వ్యాలీకైతే యయాసన్ సబా సంస్థ తరఫున ఒక కమిటీ దరఖాస్తులు చూస్తుంది. కినబటాంగన్ అభయారణ్యం సబా వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ కిందికి వస్తుంది. జంతువును పట్టుకోవాలన్నా, జాడ తెలిపే కాలర్ కట్టాలన్నా, రక్తం తీయాలన్నా ఆ డిపార్ట్‌మెంటునే అడగాలి. నమూనాలు దేశం దాటించాలంటే ఎగుమతి అనుమతి వేరు. ఆ జాతి సైటీస్ (ముప్పులో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలో ఉంటే ఇంకో పర్మిట్. వీటన్నిటికీ నెలలు పడుతుంది. అందుకే మొదటి ఏడాది ప్లాన్‌లో డేటా సేకరణను చివరి భాగంలోకి నెట్టండి. వీలైతే ల్యాబ్ పనిని సబాలోనే ముగించేలా చూసుకోండి. ఎగుమతి తలనొప్పి తప్పుతుంది, ఇక్కడి విద్యార్థులకు ఆ పని నేర్పినట్టూ ఉంటుంది.

ఇన్ని మెట్లు ఎందుకని విసుగొస్తుంది. ఉష్ణమండల దేశాల నుంచి నమూనాలు, డేటా దశాబ్దాలపాటు బయటికి పోయాయి, తిరిగి వచ్చింది మాత్రం చాలా తక్కువ. ఈ నిబంధనలు ఆ అనుభవంలోంచి పుట్టినవి. అది గుర్తుంటే ఆఫీసు కౌంటర్ దగ్గర మీ గొంతు తీరే మారుతుంది.

ఏ అడవి?

డానమ్ వ్యాలీ 438 చదరపు కిలోమీటర్ల లోతట్టు వర్షారణ్యం. చాలావరకు గొడ్డలి పడని అడవి. 1986 నుంచి అక్కడ ఫీల్డ్ సెంటర్ నడుస్తోంది. లహద్ దతు పట్నం నుంచి జీపులో వెళ్లాలి. మనిషి చెయ్యి పడని అడవి ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఇక్కడికే రావాలి. కినబటాంగన్ పూర్తిగా వేరే లోకం. 560 కిలోమీటర్ల నది, దాని ఒడ్డున ముక్కలుముక్కలుగా మిగిలిన అడవి, ఆ ముక్కల మధ్య ఆయిల్‌పామ్ తోటలు. ఏనుగులు, ఒరాంగుటాన్లు, ప్రొబోసిస్ కోతులు ఆ ఇరుకులోనే బతుకుతున్నాయి. అక్కడి డానౌ గిరాంగ్ ఫీల్డ్ సెంటర్‌ను 2008 నుంచి వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్, కార్డిఫ్ యూనివర్సిటీ కలిసి నడుపుతున్నాయి. కలబకాన్ వైపు సేఫ్ ప్రాజెక్టులో 1, 10, 100 హెక్టార్ల అడవి ముక్కల్ని ప్రయోగం కోసమే వదిలి, అడవి తోటగా మారుతుంటే ఏమవుతుందో చూస్తున్నారు.

కొత్తవాళ్లలో ఎక్కువమంది మనసు డానమ్ మీదే ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, సంరక్షణే మీ లక్ష్యమైతే ఒక్క సీజనైనా కినబటాంగన్‌లో గడపండి. సబాలో ఆయిల్‌పామ్ దాదాపు 15 లక్షల హెక్టార్లలో ఉంది. ఇక్కడి జంతువుల భవిష్యత్తు తేలేది చాలావరకు ఆ తోటల అంచుల్లోనే.

మీ అసలు గురువులు

2019 జనవరిలో డానమ్‌లో ఒక మెరంటి చెట్టును టేపుతో కొలిస్తే 100.8 మీటర్లు తేలింది. ఉష్ణమండలంలో 100 మీటర్లు దాటినట్టు తేలిన మొదటి చెట్టు అది. విమానం నుంచి లేజర్ సర్వే చేసి చెట్టు జాడ పట్టుకున్నది విదేశీ శాస్త్రవేత్తలు. టేపు పట్టుకుని కొస దాకా ఎక్కింది అండింగ్ జామి అనే ఇక్కడి క్లైంబర్. ఇక్కడి పరిశోధనలో ఏది తీసినా ఇలాంటి మనిషి ఒకరు ఉంటారు.

ఒరాంగుటాన్ గూళ్ల సర్వేనే తీసుకోండి. ఒరాంగుటాన్ దాదాపు ప్రతి సాయంత్రం కొమ్మలు వంచి కొత్త గూడు కట్టుకుంటుంది. జంతువు కనబడకపోయినా, గీసుకున్న లైన్ వెంట నడుస్తూ గూళ్లు లెక్కపెట్టి, ఒక్కో గూడు ఎంత దూరంలో ఉందో కొలిచి, సంఖ్యను అంచనా వేస్తాం. ఇదంతా పుస్తకంలో సులువుగానే కనిపిస్తుంది. అడవిలో తల పైకెత్తితే ఆకుల మధ్య ఆకులే. మీ అసిస్టెంట్ మాత్రం ఆగి వేలెత్తి చూపిస్తారు: ఆకులు ఇంకా పచ్చగా ఉన్న గూడు ఒకటి, గోధుమరంగు తిరిగినది ఒకటి, ఆకులు రాలిపోయి పుల్లల మధ్య నుంచి ఆకాశం కనబడేది ఇంకొకటి. ఆ వయసులు సరిగ్గా రాయకపోతే లెక్క మొత్తం తప్పుతుంది, ఎందుకంటే గూడు ఎన్నాళ్లకు శిథిలమవుతుందన్న అంకె మీదే జంతువుల సంఖ్య ఆధారపడుతుంది. లైన్‌ను ముందుకే కాక వెనక్కి తిరిగి కూడా చూస్తూ నడవాలన్నది కూడా వాళ్ల దగ్గరే నేర్చుకుంటారు. వెళ్లేటప్పుడు కొమ్మ చాటున దాగిన గూడు వచ్చేటప్పుడు కనబడుతుంది.

అందుకే మొదటి మూడు నాలుగు వారాలు డేటా షీటు పక్కన పెట్టి వాళ్ల వెంట తిరగండి. మీ డిజైన్ వాళ్లకు మలయ్‌లో వివరించి, ఎక్కడ కుదరదో చెప్పమనండి. పెద్దవాళ్లయితే మగవారిని పాక్ అని, ఆడవారిని మాక్ అని గౌరవంగా పిలవండి. రోజు కూలీ, వాన పడిన రోజు సంగతి, ఇన్సూరెన్స్, సెలవులు, ఇవన్నీ మొదటి రోజే మాట్లాడుకుని బడ్జెట్‌లో రాసుకోండి. గుర్తింపు, కొలత, డిజైన్‌లో నిజమైన పాత్ర ఉన్నవాళ్ల పేరు పేపర్‌లో రచయితల జాబితాలో ఉండాలి. చివర్లో కృతజ్ఞతల లైన్‌తో సరిపెట్టడం న్యాయం కాదు.

అడవిలోకి

ఖరీదైన ట్రెకింగ్ బూట్లు తెచ్చుకునే పని లేదు. ఇక్కడివాళ్లు వేసుకునేది అడిడాస్ కాంపుంగ్ అని పిలిచే నల్ల రబ్బరు బూట్లు. ఏ చిన్న పట్నంలోనైనా కొన్ని రింగిట్లకే దొరుకుతాయి. నీళ్లు తాగవు, బురదలో పట్టు ఉంటుంది, రాత్రికి ఆరిపోతాయి. వాటి లోపల మోకాలి దాకా జలగల సాక్స్. గోధుమరంగు జలగ నేల మీద నుంచి ఎక్కుతుంది. పసుపు చారల టైగర్ జలగ మాత్రం ఆకుల మీద కాచుకుని ఉంటుంది, అది నడుము, మెడ దగ్గర పట్టుకుంటుంది. గోటితో పక్కకు తోసి తీసేయండి. ఉప్పు, నిప్పు అక్కర్లేదు.

జంతువు ముందుకొస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లకు అసలు శత్రువు తేమ. లోపల సిలికా జెల్ పెట్టి, వచ్చిన ప్రతిసారీ మార్చండి. మోకాలి ఎత్తులో కట్టి, ముందున్న ఆకులు కోయండి. లేకపోతే ఎండకు వేడెక్కి ఊగిన ఆకు వేలకొద్దీ ఖాళీ ఫొటోలు తీయిస్తుంది. చీమలు కేసులో కాపురం పెడతాయి, ఏనుగులు పీకి పారేస్తాయి. కొన్ని కెమెరాలు పోతాయన్న లెక్కతోనే అదనంగా తెచ్చుకోండి.

విత్తనాలు, మొలకల మీద పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. మెరంటి లాంటి డిప్టెరోకార్ప్ కుటుంబం చెట్లు ఇక్కడ ఏటా కాయవు. కొన్నేళ్లకోసారి, ఎక్కువగా ఎల్ నినో సమయాల్లో, అడవంతా ఒకేసారి పూసి కాస్తుంది. మీ మూడేళ్లలో ఆ ఏడాది రాకపోవచ్చు. రెండో ప్రశ్నను సిద్ధంగా ఉంచుకోండి.

ఒంటి సంగతి

మనుషుల నుంచి మనుషులకు వ్యాపించే మలేరియా స్థానికంగా 2018 నుంచి మలేషియాలో నమోదు కాలేదు. కానీ కోతుల్లో ఉండే ప్లాస్మోడియం నోలెసి అనే మలేరియా పరాన్నజీవి దోమల ద్వారా మనుషులకు సోకుతూనే ఉంది. ఎక్కువ కేసులు సబా, సరవాక్‌లలోనే. ఈ పరాన్నజీవి 24 గంటలకోసారి రెట్టింపులు రెట్టింపులుగా పెరుగుతుంది, కాబట్టి జ్వరం వస్తే రేపు చూద్దామనే మాట వద్దు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి, అడవిలో పనిచేస్తున్నానని చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. మైక్రోస్కోపులో ఇది వేరే రకం మలేరియాలా కనబడుతుంది కాబట్టి అడవి సంగతి చెప్పడం ముఖ్యం.

రెండోది లెప్టోస్పిరోసిస్, జంతువుల మూత్రం కలిసిన నీళ్ల నుంచి సోకే బాక్టీరియా జబ్బు. 2000లో సబాలో జరిగిన ఒక సాహస పోటీలో చాలామందికి ఇది సోకింది. విచారణలో సెగామా నదిలో ఈదడమే ప్రధాన కారణంగా తేలింది. డానమ్ ఫీల్డ్ సెంటర్ పక్కన పారేది ఆ నదే. కాలికి పుండు ఉన్నప్పుడు నీళ్లలో దిగకండి. వచ్చే ముందు మందుల గురించి డాక్టర్‌తో మాట్లాడండి.

జంతువుల కంటే విరిగిపడే కొమ్మలు ఎక్కువ ప్రమాదం. గాలి లేస్తే పని ఆపి బయటికి రండి. క్యాంపు వేసే ముందు పైన ఎండు కొమ్మలున్నాయేమో చూడండి. ఏనుగు ఎదురైతే అసిస్టెంట్ మాటే ఫైనల్. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో బోర్డు మీద రాయకుండా ఎప్పుడూ కదలకండి.

మనసు కుంగే రోజులూ ఉంటాయి. నెట్ అందదు, వాన ఆగదు, చూస్తున్న జాతి కళ్లముందే తగ్గిపోతుంటుంది. మలేషియాలో చివరి సుమత్రా ఖడ్గమృగం ఇమాన్ 2019 నవంబర్‌లో సబాలోనే చనిపోయింది. దాన్ని సాకినవాళ్లు ఇప్పటికీ ఇక్కడ పనిచేస్తున్నారు. బాధగా ఉంటే వాళ్లతో మాట్లాడండి, వాళ్లకు అర్థమవుతుంది. మే 30, 31న కామతాన్ పంటల పండుగకు ఊళ్లోకి పిలిస్తే తప్పకుండా వెళ్లండి. ఆ రోజుల్లో ఆఫీసులు తెరవరు కాబట్టి పర్మిట్ల పని ముందే ముగించుకోండి.

తిరిగి వెళ్లే ముందు ఒక నెల ఖాళీ ఉంచుకోండి. బయోడైవర్సిటీ సెంటర్‌కు రిపోర్టు ఇవ్వాలి, డేటా కాపీ భాగస్వామి యూనివర్సిటీలో ఉంచాలి, నమూనాలు బోర్నియెన్సిస్‌లో చేర్చాలి. మీరు ఏం కనుక్కున్నారో మలయ్‌లో రెండు పేజీలు రాయించి, పనిచేసిన ఊళ్లో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి. వాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకోండి, తర్వాతి ప్రాజెక్టు ప్రపోజల్‌లో వాటినే ముందు పెట్టండి.