పాదు నుంచి పేజీకి – మూడో పాఠం: కాకర కణుపు

జూన్ చివర్లో టెర్రస్ మీద పెట్టిన కాకర విత్తనాలు ఈపాటికి పందిరెక్కి ఉంటాయి. సుమారు 40 రోజులకు పూత మొదలవుతుంది. ముందు వచ్చేవి చాలావరకు మగపూలే. అవి రాలిపోతున్నాయని టెన్షన్ పడకండి, వెనకే ఆడపూలు వస్తాయి. నీటిరంగులతో మొక్కల బొమ్మలు నేర్చుకుంటున్నాం కదా, పెన్సిల్ గీతలు, ఆకుపచ్చ కలపడం కిందటి పాఠాల్లో అయిపోయాయి కాబట్టి ఈసారి ఒకే కణుపు దగ్గర ఉన్నవన్నీ గీద్దాం: పువ్వు, నులితీగ (పందిరిని చుట్టి పట్టుకునే సన్నటి తీగ), ఆకు.

పొద్దున్నే పందిరి కిందికి వెళ్లి ఆడపువ్వు కోసం చూడండి. రేకుల కింద బుల్లి పిందె ఉంటుంది, దాని మీద అప్పటికే బుడిపెలు కనిపిస్తాయి. మగపువ్వుకు పిందె ఉండదు, సన్నటి కాడ ఒక్కటే. ఆడపువ్వును కోయకండి. పాదు దగ్గరే పీట వేసుకుని కూర్చోండి. ఎండెక్కేకొద్దీ రేకులు ముడుచుకుపోతాయి కాబట్టి గీయడంలో పువ్వుదే మొదటి వంతు, ఆకు చివర్న.

కొలతలకు జామెట్రీ బాక్సులోని డివైడర్ చాలు. రేకు పొడవు, పిందె పొడవు, కాడ పొడవు ఉన్నవున్నట్టు పేపర్ మీద పెట్టండి. పేపర్ 300 జీఎస్‌ఎం (మందం) హాట్‌ప్రెస్ (నున్నటి రకం) అయితే మేలు. గరుకు పేపర్ మీద ఇంత సన్నటి కాడ అంచు నిలవదు.

పసుపు పువ్వుకు నీడ వేయడానికి నల్లరంగు ముట్టుకోవద్దు. లెమన్ యెల్లోలో నలుపు పడితే ఆకుపచ్చ అవుతుంది. ముందుగా మడత ఉన్నచోట బాగా పలచటి వంగపండు రంగు వేసి, పూర్తిగా ఆరాక పైన పసుపు పూయండి. తెల్లకాగితం మీద పసుపు అంచు తేలిపోతోందా? రేకు వెనక ఒక ఆకు వచ్చేలా కూర్పు మార్చుకోండి. ముదురు ఆకుపచ్చ ఆనుకుంటే రేకు దానంతటదే ముందుకొస్తుంది.

ఇక నులితీగ. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. చాలామంది దీన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకే వైపు తిరిగే స్ప్రింగులా గీసేస్తారు. పందిరి తీగను పట్టుకున్న నులితీగను దగ్గరగా చూడండి. కొన్ని చుట్లు ఒకవైపు తిరిగి, మధ్యలో కాస్త తిన్నగా సాగి, అక్కణ్ణుంచి రెండోవైపు తిరుగుతాయి. రెండు కొసలూ కదలకుండా ఉన్నప్పుడు మధ్యభాగం మెలిక పడకుండా చుట్టుకోవాలంటే అలా తిరగక తప్పదు. ఈ సంగతిని చార్లెస్ డార్విన్ 1865లోనే వివరించాడు. దేన్నీ పట్టుకోని నులితీగ మాత్రం ఒకేవైపు చుట్టుకుంటుంది. ఆ తిన్నటి ముక్క ఎక్కడుందో చూసి ముందు దాన్ని గీసి, అటూ ఇటూ చుట్లు లెక్కపెట్టుకుంటూ పోండి. 2వ నంబరు బ్రష్ కొసతో, చేయి ఎత్తకుండా.

ఆకుకు పెద్ద హడావుడి అక్కర్లేదు. కాకరాకు పలచన, మెరుపు తక్కువ. లెమన్ యెల్లో, అల్ట్రామెరీన్ నీలం, చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) కలిపిన లేత రంగు ఆకంతా వేయండి. ఆరాక ఈనెలను వదిలి, వాటి మధ్య భాగాలకు రెండో పూత. పురుగు కొరికిన రంధ్రం ఉంటే అదీ గీయండి, మన పాదు గురుతు అది.

పేజీ కింద కొంచెం చోటు ఉంచి అక్కడ మగపువ్వును విడిగా, నిలువుగా చీల్చి గీయండి. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో తోట వేసిన వృక్షశాస్త్రజ్ఞుడు డాక్టర్ రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించినప్పుడు పువ్వు భాగాలు ఇలాగే విడిగా కనిపించేవి. మొక్కను గుర్తుపట్టాల్సినవాళ్లకు అందమైన కొమ్మ కన్నా ఈ చిన్న ముక్కలే ఎక్కువ అక్కరకొస్తాయి.

గీయడం అయ్యాక, ఎండ ముదరకముందే ఇంకో మగపువ్వు తెంపి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. టెర్రస్ మీద తేనెటీగలు తక్కువ కదా. ఆ కణుపుకు ఎర్రదారం కట్టండి. రేపటి నుంచి రోజూ అదే పిందెను డివైడర్‌తో కొలిచి, పక్క పేజీలో వరసగా పెన్సిల్‌తో గీస్తూ తేదీ వేయండి. సుమారు రెండు వారాల్లో కూరకు పనికొచ్చే కాయ అవుతుంది, కానీ దీన్ని కోయొద్దు. పండి నారింజ రంగుకు తిరిగి, పగిలి, లోపలి ఎర్రటి గింజలు బయటపడేదాకా వదిలేయండి. బుడిపెల మీద మెరుపు కోసం తెల్లకాగితాన్ని ఎలా వదలాలో నాలుగో పాఠంలో ఆ కాయ మీదే నేర్చుకుంటాం.