నేల మీద సంఖ్యారేఖ: గెంతుల్నే లెక్కపెట్టించండి
సుద్దతో నేల మీద పొడవాటి గీత గీసి, అడుగుకో అడ్డగీత చొప్పున 0 నుంచి 10 వరకు అంకెలు వేయండి. 3 మీద నిలబడి ముందుకు 4 గెంతులు వేసి 3+4 చేయమంటే చాలామంది పిల్లలు 6 దగ్గరే ఆగిపోతారు. కూడిక రాక కాదు, తాము నిలబడ్డ 3నే "ఒకటి" అని మొదలుపెట్టేస్తారు! అందుకే 3 మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడ్డప్పుడు ఏమీ అనొద్దని చెప్పండి. గెంతి, పాదాలు 4 మీద ఆనాకే "ఒకటి" అనాలి. వేళ్ల మీద లెక్కించేటప్పుడూ ఇదే పొరపాటు దొర్లుతుంది కాబట్టి ఇక్కడ ఎంతసేపు పట్టినా తొందరపెట్టకండి.

తీసివేతకు వెనక్కి గెంతించొద్దు, పడతారు; అడుగులు చాలు.

ఆట అవగానే పలక మీద అదే రేఖ గీయించి, గెంతుకో వంపుగీత వేయించండి. వంపులు 4 వచ్చాయో లేదో వాళ్లనే చూసుకోమనండి.