శుక్లం ఆపరేషన్ తర్వాత పొద్దున్నే మసకగా ఉందా?

ఆపరేషన్ మర్నాడు కట్టు విప్పగానే మా అమ్మ, "అంతా పొగ కమ్మినట్టుందిరా, చూపు పోయిందేమో" అంది. కొత్త లెన్స్ సరిగ్గానే కూర్చుంది. చిక్కంతా దాని ముందున్న కార్నియాతోనే, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరతో.

సమస్య: నిద్ర లేవగానే మసక, మధ్యాహ్నానికి కాస్త నయం

కారణం: కార్నియా మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. దాని లోపలి వైపు ఒకే వరుసలో ఉన్న కణాలు రాత్రింబగళ్లు నీటిని తోడేస్తుంటేనే అది తేటగా ఉంటుంది. శుక్లాన్ని ముక్కలు చేసే అల్ట్రాసౌండ్ ధాటికి వాటిలో కొన్ని చనిపోతాయి, మళ్లీ పుట్టవు. శుక్లం ఎంత గట్టిపడితే దెబ్బ అంత ఎక్కువ. అందుకే "బాగా ముదిరాక తీయిద్దాం" అనే పాత మాట నాకు అస్సలు నచ్చదు. తోడేవి తగ్గితే కార్నియా నీరు పట్టి ఉబ్బుతుంది. రాత్రంతా రెప్పలు మూసి ఉండటంతో ఆ నీరు ఆరదు. పగలు కళ్లు తెరిచాక కొంత ఆవిరవుతుంది.

పరిష్కారం: డాక్టరు రాసిన స్టెరాయిడ్ చుక్కలు వేళ తప్పకుండా వేయాలి. అవసరమైతే 5 శాతం ఉప్పు చుక్కలు కూడా రాస్తారు, అవి నీటిని బయటికి లాగుతాయి. ఇంట్లో ఉప్పు కలిపి మాత్రం వేయకండి. నేను రోజూ ఉదయం 7కి, మధ్యాహ్నం 2కి అమ్మ చేత గోడ క్యాలెండరు చదివించి రాసుకున్నాను. మొదటి రోజు తేదీ అంకెలే అలుక్కుపోయాయి, ఆరో రోజుకు కింద ఉన్న తిథి కూడా చదివింది. చాలామందికి కొన్ని రోజుల్లో, కొందరికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నెలలు గడిచినా తగ్గకపోతే, దాత ఇచ్చిన కార్నియా నుంచి ఆ లోపలి పొరను మాత్రమే తీసి అమర్చే ఆపరేషన్ ఉంది.

సమస్య: నలుసు పడ్డట్టు గరగర

కారణం: కోత పెట్టినప్పుడు కార్నియాలోని సన్నని నరాలు తెగి, కన్ను పొడిబారుతుంది.
పరిష్కారం: డాక్టరును అడిగి కృత్రిమ కన్నీటి చుక్కలు వాడండి. నలపొద్దు.

సమస్య: అక్షరానికి నీడ

కారణం: కోత మానేటప్పుడు కార్నియా వంపు కాస్త మారుతుంది.
పరిష్కారం: కళ్లజోడుకు తొందరపడకండి. నెలా, నెలన్నర ఆగి పరీక్ష చేయించండి.

సమస్య: నొప్పి, ఎరుపు పెరుగుతూ చూపు తగ్గడం

ఇది ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆముదం, చనుబాలు లాంటివేవీ కంట్లో వేయకండి. తెల్లారేదాకా ఆగకుండా, ఆపరేషన్ కాగితాలు, వాడుతున్న చుక్కల సీసాలు పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.