ఆనో 1404లో బట్టల తయారీ: ఎన్ని హెంప్ తోటలు, ఎన్ని వీవర్స్ హట్‌లు, ఎక్కడ కట్టాలి

మధ్యయుగపు ఊర్లు కట్టే కంప్యూటర్ గేమ్ ఆనో 1404లో ఇళ్లు నాలుగు స్థాయిల్లో ఎదుగుతాయి: పెజెంట్స్ (రైతులు), సిటిజన్స్ (పౌరులు), పాట్రీషియన్స్ (సంపన్నులు), నోబుల్‌మెన్ (ప్రభువులు). పెజెంట్స్ స్థాయిలో ఉన్నంతకాలం చేపలు, సైడర్ (యాపిల్ పానీయం), ఒక మార్కెట్‌ప్లేస్, ఒక చాపెల్ (చిన్న చర్చి) ఉంటే చాలు. బట్టల ఊసే ఉండదు. సిటిజన్స్ స్థాయికి ఎక్కాక మసాలాలు, లినెన్ గార్మెంట్స్ (నారబట్టలు) అడగడం మొదలుపెడతారు. మసాలాల కోసం ఎలాగూ ఓరియంట్ (దక్షిణాన ఉండే ఎడారి దీవులు) వైపు ఓడ పంపాలి కాబట్టి అందరి దృష్టీ అటే ఉంటుంది. ఇంటి దీవిలోనే పండే హెంప్ అనే నార పంటను పట్టించుకోరు. పాట్రీషియన్స్ దాకా వెళ్లడానికి అడ్డుపడేది చాలాసార్లు ఈ బట్టలే.

లెక్క చాలా సులువు. ఒక హెంప్ ప్లాంటేషన్ నిమిషానికి 1 టన్ను నార ఇస్తుంది. ఒక వీవర్స్ హట్ (నేతగాళ్ల గుడిసె) నిమిషానికి 2 టన్నుల నార తీసుకుని 2 టన్నుల బట్టలు ఇస్తుంది. అంటే రెండు తోటలకు ఒక వీవర్స్ హట్. ఇదే ఒక జట్టు, దీన్ని విడగొట్టకండి. ఒక తోట, ఒక హట్ కడితే హట్ సగం సమయం ఖాళీగా కూర్చుంటుంది, దాని నిర్వహణ ఖర్చు మాత్రం పూర్తిగా కడుతూనే ఉంటారు.

మరి ఎంతమందికి ఒక జట్టు? వెయ్యిమంది సిటిజన్స్ నిమిషానికి 4.2 టన్నులు వాడతారు. వెయ్యిమంది పాట్రీషియన్స్‌కు 1.9 టన్నులు, వెయ్యిమంది నోబుల్‌మెన్‌కు 0.8 టన్ను సరిపోతుంది. ఆ లెక్కన ఒక జట్టు 476 మంది సిటిజన్స్‌కు, లేదా 1052 మంది పాట్రీషియన్స్‌కు, లేదా 2500 మంది నోబుల్‌మెన్‌కు సరిపోతుంది. నిండిన ఇంట్లో సిటిజన్స్ 15 మంది, పాట్రీషియన్స్ 25, నోబుల్‌మెన్ 40 మంది ఉంటారు. కాబట్టి ఇళ్లలో చెప్పుకుంటే 31 సిటిజన్ ఇళ్లు, 42 పాట్రీషియన్ ఇళ్లు, 62 నోబుల్ ఇళ్లు. సిటిజన్స్ 32వ ఇల్లు నిండిందంటే నిల్వ మెల్లగా తరగడం మొదలవుతుంది. తరుగుదల చాలా నెమ్మది కావడంతో వెంటనే కంటికి ఆనదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. స్థాయి పెరిగేకొద్దీ ఒక్కో ఇంటికి కావలసిన లినెన్ పెరగదు, తగ్గుతుంది. ఇంట్లో మనుషులు 15 నుంచి 25కి పెరిగినా అంతే. 60 సిటిజన్ ఇళ్లున్న ఊరు తీసుకోండి. 900 మంది, నిమిషానికి 3.78 టన్నులు. రెండు జట్లు, అంటే నాలుగు తోటలు, రెండు హట్‌లు నిమిషానికి 4 టన్నులు ఇస్తాయి కాబట్టి గట్టెక్కుతారు. అందులో 30 ఇళ్లు పాట్రీషియన్స్ అయ్యాయి. ఇప్పుడు జనం 1200, లినెన్ వాడకం మాత్రం 3.3 టన్నులు. ఆ 30లో 10 ఇళ్లు నోబుల్‌మెన్ అయితే జనం 1350, వాడకం 3.16. ఊరు పెరుగుతోంది కదా అని మూడో జట్టు కట్టేవాళ్లు అనవసరంగా చోటూ డబ్బూ పోగొట్టుకుంటారు. లినెన్‌కు మీ ఊరి గరిష్ఠ అవసరం దాదాపుగా సిటిజన్ ఇళ్లు అన్నిటికన్నా ఎక్కువున్న రోజే వస్తుంది. ఆ రోజుకు సరిపడా కట్టండి. ఆ తర్వాత మళ్లీ కొత్తగా సిటిజన్ ఇళ్లు పెరిగినప్పుడే ఇంకో జట్టు గురించి ఆలోచించండి.

ఇక కట్టడం. ముందు దీవి చూసుకోండి. ఉత్తరాది దీవుల్లో కొన్నిటిలోనే హెంప్ పండుతుంది. దీవి పంటల గుర్తుల్లో హెంప్ ఉందో లేదో వేర్‌హౌస్ కట్టకముందే చూడాలి. ఉంటే మధ్యలో ఒక మార్కెట్ బిల్డింగ్ (చుట్టుపక్కల కట్టడాల సరుకును బండ్లతో సేకరించే కట్టడం) పెట్టి, దాని పరిధిలో తోటలు, హట్ వచ్చేలా అమర్చండి. తోట కట్టగానే చుట్టూ వలయం కనిపిస్తుంది. పొలం ముక్కలన్నీ ఆ వలయం లోపలే పడాలి. పొలాలు తక్కువైతే తోట సామర్థ్యం 100 శాతానికి చేరదు, పైన చెప్పిన 1 టన్ను లెక్క చెల్లదు. తీరం వంపులోనో నది పక్కనో తోట పెడితే జరిగేది ఇదే. అటు వలయంలో సగం నీళ్లుంటాయి. ఓరియంట్‌లో లాగా ఇక్కడ నీటి కోసం నోరియా (నీళ్లు తోడే చక్రం) అక్కర్లేదు, కాబట్టి చదునుగా, విశాలంగా ఉన్న లోపలి నేల చూసుకుంటే చాలు. పొలాలను రోడ్డుకు కలపనక్కర్లేదు. తోట భవనాన్ని, హట్‌ను మాత్రం రోడ్డుతో మార్కెట్ బిల్డింగ్‌కు కలపాలి.

హట్‌ను తోటలకు ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది. ఒకసారి కెమెరా కిందికి దించి చూడండి: హట్ మనిషి తన పరిధిలో ఉన్న తోటకు తానే నడిచి వెళ్లి, నార మోసుకుని వెనక్కి వస్తాడు. తోట దగ్గరుంటే నార మార్కెట్ బండి ఎక్కాల్సిన పనే లేదు, బండ్లు తయారైన బట్టల కోసం ఖాళీగా ఉంటాయి. దూరంగా ఉంటే నార మొదట బండిలో మార్కెట్ బిల్డింగ్‌కు వెళ్లి, అక్కణ్నుంచి మళ్లీ హట్‌కు రావాలి. ఒకే మార్కెట్ బిల్డింగ్ మీద ఏడెనిమిది కట్టడాలు ఆధారపడినప్పుడు హట్ గుమ్మంలో బట్టలు పేరుకుపోయి పని ఆగిపోతుంది. బిల్డింగ్ స్థాయి పెంచండి, లేదా దగ్గర్లో ఇంకోటి కట్టండి. హట్‌లు పెంచితే మాత్రం ఈ చిక్కు తీరదు.

హెంప్ అంటే మనకు దగ్గరి పోలిక గోగునార, జనుము. మొక్కలు వేరు, పని అదే. శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగు కట్టలను చెరువులో నానబెట్టి నార తీసినట్టే మధ్యయుగపు యూరప్‌లో హెంప్‌నూ నానబెట్టేవాళ్లు. ఆటలో ఆ దశ లేదు, పొలం నుంచి నేరుగా మగ్గానికే. ఆ నార వాడుకలు మాత్రం ఆటలో నిజంగానే ఉన్నాయి. అసలు ఇబ్బంది అక్కడే.

ఓడలకు తాళ్లు పేనే రోప్‌యార్డ్‌కు హెంప్ కావాలి. పాట్రీషియన్స్ అడిగే క్యాండిల్‌స్టిక్స్‌లోని (కొవ్వొత్తి స్టాండ్లలోని) కొవ్వొత్తులకు తేనెమైనంతో పాటు హెంప్ కావాలి. ఇవన్నీ ఒకే దీవి మీద ఉంటే అదే నార కోసం పోటీ పడతాయి. నిన్నటిదాకా బాగున్న హట్ ఈరోజు 60 శాతానికి పడిపోయిందంటే ముందుగా అడగాల్సిన ప్రశ్న: ఈమధ్య రోప్‌యార్డ్ కట్టారా? తాళ్లకు, కొవ్వొత్తులకు వేరే తోటలు కట్టి, వాటిని వీవర్స్ హట్‌ల పరిధికి బయట, వీలైతే దీవికి అటు చివర పెట్టండి. అయినా నార వేర్‌హౌస్‌కు చేరితే అది అందరిదీ అవుతుంది. అందుకే బట్టల తోటల నార వీలైనంతవరకు వేర్‌హౌస్ దాకా రాకుండా హట్ మనుషులే నేరుగా మోసుకెళ్లేలా అమర్చడం మేలు.

మీ ప్రధాన దీవిలో హెంప్ పండకపోతే పండే దీవిలోనే నేత కూడా పెట్టండి. టన్ను నారకు టన్ను బట్టలే వస్తాయి కాబట్టి ఓడలో చోటు కలిసిరాదు. కలిసొచ్చేది ప్రధాన దీవిలో హట్‌లకు పోయే స్థలం. ఆ స్థలంలో ఇళ్లు కట్టుకుంటే పన్ను వస్తుంది. ట్రేడ్ రూట్ పెట్టి, అక్కడ గార్మెంట్స్ ఎక్కించి ఇక్కడ దించమనండి. ఆ ఓడలో ఇంకో సరుకు కలిపితే ఒక్కో సరుకుకు వేరే గది కేటాయించండి. ఒకే గది అయితే, దిగని సరుకు అందులో ఉండిపోయి బట్టలకు చోటు దొరకదు.

ఇళ్లను పైకెక్కించే ముందు నిల్వ చూసుకోండి. 60 సిటిజన్ ఇళ్ల ఊరికి 40 టన్నుల నిల్వ అంటే, నేత పూర్తిగా ఆగినా పది నిమిషాలు గడుస్తాయి. ఓడ ఆలస్యమైనా, ఏదైనా తోట ఆగినా సర్దుకోవడానికి ఆ వ్యవధి సరిపోతుంది. 5 టన్నుల నిల్వతో ఇరవై ఇళ్లను ఒక్కసారిగా ఎక్కిస్తే బట్టలు అయిపోతాయి, జనం అసంతృప్తితో పన్ను భరించలేరు, ఇళ్లు ఖాళీ అవడం మొదలవుతుంది. అందుకే ఐదారు ఇళ్ల చొప్పున ఎక్కించి, నిల్వ నిలదొక్కుకున్నాకే తర్వాతి వాటిని ముట్టుకోండి.

హట్ మీద నొక్కితే ఉత్పాదకత శాతం కనిపిస్తుంది. అది తగ్గడానికి సాధారణంగా రెండే కారణాలు: నార రాకపోవడం, లేదా బట్టలు పెట్టడానికి చోటు లేకపోవడం. రెండోది అయితే వేర్‌హౌస్ నిండిందేమో చూడండి, నిండితే కంగారు అక్కర్లేదు; నిండకపోతే పైన చెప్పినట్టు మార్కెట్ బండ్లు అందడం లేదన్నమాట. ఆ శాతం గడచిన కాసేపటి సగటు కాబట్టి సరిదిద్దిన వెంటనే 100 చూపించదు. కొద్ది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. వేర్‌హౌస్ ఎప్పుడూ నిండే ఉంటోందంటే ఒక జట్టును తాత్కాలికంగా ఆపేయండి, నిర్వహణ ఖర్చు తగ్గుతుంది. కూల్చేయడం మాత్రం వద్దు.

పాట్రీషియన్స్ వచ్చాక లినెన్‌తో పాటు లెదర్ జెర్కిన్స్ (తోలు చొక్కాలు) అడుగుతారు. రెండు పందుల ఫామ్‌లకు ఒక టానరీ (తోలు పని చేసే కట్టడం), ఆ టానరీ 1428 మంది పాట్రీషియన్స్‌కు సరిపోతుంది. దానికి ఉప్పు కూడా కావాలి, ఉప్పు వండడానికి బొగ్గు కావాలి. అందుకని మొదటి పాట్రీషియన్ ఇల్లు కట్టకముందే ఉప్పు గని ఉన్న దీవి ఒకటి చూసి పెట్టుకోండి. నోబుల్‌మెన్ అడిగే ఫర్ కోట్లకూ అదే ఉప్పు వెళ్తుంది. లినెన్ తగ్గుముఖం పట్టే సమయానికే కొవ్వొత్తులకు హెంప్ అవసరం మొదలవుతుంది. అందుకే పై ఉదాహరణలో మిగిలిన 0.7 టన్ను నారను చూసి తోటను ఆపేయకుండా, ఆ మిగులు మేరకు మాత్రం (ముందు చెప్పిన వేరే తోటల మాటకు ఇది మినహాయింపు) ఆ జట్టు పరిధిలోనే కొవ్వొత్తుల పని పెట్టి దానికి మళ్లించండి.