అడపలీన్ జెల్‌తో నా మొటిమలు తగ్గిన తీరు

నుదుటి మీద, గడ్డం చుట్టూ ఏళ్ల తరబడి వదలని మొటిమలకు చర్మవైద్యురాలు 0.1 శాతం అడపలీన్ జెల్ రాసి ఇచ్చారు. ఇది రెటినాయిడ్ల (విటమిన్ ఎ తరహా మందుల) వర్గానికి చెందిన పూతమందు; పైకి కనిపిస్తున్న మొటిమను ఎండగట్టడం కంటే, రాలిపోవలసిన మృతకణాలు పేరుకుని రోమకూపాలు మూసుకుపోకుండా చూడటమే దీని ప్రధానమైన పని. అందుకే మొటిమ మీద మాత్రమే చుక్క పెడితే చాలదని, అవి తరచూ వచ్చే ప్రాంతమంతా పలుచగా రాయాలని ఆమె చెప్పారు.

రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరిన తరువాత, ముఖమంతటికీ కలిపి బఠానీ గింజంత జెల్ మాత్రమే రాసుకునేవాడిని. కళ్ల చుట్టూ, ముక్కు మూలల్లో, పెదవుల అంచుల్లో రాయలేదు. మొదటి వారాల్లో చర్మం ఎర్రబడి, పొట్టు రేగి, మొటిమలు మునుపటికంటే ఎక్కువయ్యాయి. మందు పడలేదనుకుని చాలామంది మానేసేది ఈ దశలోనే. నేను మానకుండా రోజు విడిచి రోజుకు తగ్గించి, జెల్‌కు ముందు మాయిశ్చరైజర్ రాయడం మొదలుపెట్టాక మంట అదుపులోకి వచ్చింది. స్క్రబ్బులు పక్కన పెట్టేశాను (వాటి వల్ల ఒరిగిందేమీ లేదు). పగటిపూట ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పనిసరి.

ఫలితం తెలియడానికి సాధారణంగా 8 నుంచి 12 వారాలు పడుతుంది. నాకూ మూడో నెలలో గానీ కొత్త మొటిమలు తగ్గలేదు. నల్లమచ్చలు మెల్లగా పలచబడ్డాయి గానీ, పాత గుంటలు అలాగే ఉన్నాయి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ఈ మందు జోలికి పోకూడదు. ముఖం తేటపడిన తరువాత కూడా, వైద్యురాలి సలహా మేరకు, వారంలో కొన్ని రాత్రులు రాస్తూనే ఉన్నాను.